రెండో వాయి

ఆటోనగర్లో మా రేకుల షెడ్డుకి
అటు లారీ బాడీలు, ఇటు కమాను కట్టలు.
పొద్దుట్నించి రాత్రి ఎనిమిదింటిదాకా సుత్తి చప్పుడే.
ఆ తర్వాత మేం మొదలెడితే
తేడా తెలిసేది వాచ్‌మన్ కుక్క ఒక్కదానికే.

బ్యాండు పేరు ఇనప గుగ్గిళ్ళు.
తొంభై ఎనిమిదిలో ఒక క్యాసెట్టు వేశాం, మూడొందల కాపీలు.
బీసెంట్ రోడ్డులో ఒక బంకువాడు
భక్తి పాటల పక్కన పెట్టి అమ్మాడు.
ఒకావిడ కొనుక్కెళ్ళి, మర్నాడు వెనక్కి తెచ్చి
"ఇందులో దెయ్యం ఉంది బాబూ" అని డబ్బులడిగిందట.
మాకొచ్చిన మొదటి సమీక్ష అదే.
ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం.

అప్పుడు గొంతు సైదులుది.
వాడు నోరు తెరిస్తే
బ్యారేజీ డెబ్బై గేట్లూ ఒక్కసారే ఎత్తినట్టుండేది.
ఆ గొంతులోనే గడ్డ లేచింది. గుంటూరులో కోశారు.
ఇప్పుడు వాడి మాట
సైకిలు ట్యూబులోంచి గాలి పోతున్నట్టు.

మౌలాలి గిటారు అమ్మి వెల్డింగు మిషను కొన్నాడు.
ప్రభుదాసు రైల్వేలో బ్రేకులు చూసేవాడు.
నేను కమాన్లు సాగగొడుతూ ఉండిపోయా.

కిందటేడు బుడమేరు ఇంట్లోకొచ్చినప్పుడు
మంచం కింద క్యాసెట్లు మునిగాయి, బియ్యం మునిగాయి,
పెద్ద డ్రమ్ము మాత్రం తేలింది.
నడుంలోతు నీళ్ళలో తలుపుదాకా వచ్చి తట్టింది.
ధడ్.
కాసేపాగి మళ్ళీ ధడ్.
మెట్ల మీద కూచుని రాత్రంతా విన్నా.
అది తాళంలో లేదు. నాకు చిరాకేసింది.
చిరాకేసింది గనక మౌలాలికి ఫోన్ చేశా.

కెజియా. ఇరవైమూడేళ్ళు. గుంటూరు, ఏటుకూరు రోడ్డు.
పాసింజరు దిగి షేరాటోలో వచ్చింది.
మా మూడు నెరిసిన తలలు చూసి
"అంకుల్స్, మీరేనా?" అంది.
మైకు ముందు చెప్పులు విడిచి నిలబడింది.
ఆ తర్వాత వచ్చిన శబ్దానికి
రేకుల మీద పావురాలు లేచిపోయాయి,
ప్రభుదాసు బాసు తీగ వదిలేసి "స్తోత్రం" అన్నాడు.

ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే,
"మా అమ్మ మిరపకాయలకి తొడిమలు తీసుద్ది, యార్డు దగ్గర.
రాత్రంతా దగ్గుద్ది.
ఆ దగ్గు మొదలయ్యే చోటు ఒకటుంటది,
గొంతులో కాదు, ఇంకా కింద.
అక్కణ్ణించి."
ఇంకెవరం ఏమీ అడగలేదు.

పాత పాటలో ఒక మాట దగ్గర ఆగి
"రక్తకాసారం అంటే ఏంటి?" అంది.
ముగ్గురం మొహాలు చూసుకున్నాం.
పాతికేళ్ళు దానికి తలలూపాం, అర్థం సైదులుకే తెలియాలి.
పోనీ నెత్తుటి మడుగు అనమన్నా.
ఒప్పుకోలేదు.
కారం నీళ్ళు అని పాడింది.
పాట మండింది.

సైదులు లేకుండా గుగ్గిళ్ళేంటి,
నానని శెనగలు, అన్నారు పాతవాళ్ళు.
అననీ. రాత్రిళ్ళు మాకూ అదే అనిపిస్తుంది.
ఆల్బమ్ పేరు రెండో వాయి.
మూకుడు పాతదే. మసి కూడా.

చివరి పాట రికార్డింగు రోజు సైదులొచ్చాడు.
లోపలికి రాలేదు. బయట టైర్ల దొంతి మీద కూచున్నాడు,
మెడకి మఫ్లరు, మే నెలలో.
రెండు టేకులు విన్నాడు. మొహంలో ఏమీ లేదు.
మూడోదానికి కరెంటు పోయింది.

ఆ చీకట్లో లేచొచ్చి
చొక్కా జేబులోంచి కరక్కాయ ముక్క తీసి
పిల్ల అరచేతిలో పెట్టాడు.
సెల్‌ఫోన్ వెలుతురులో వేలితో చూపించాడు:
నమలొద్దు, బుగ్గన పెట్టుకో.
వగరుకి దాని మొహం వంకర తిరిగింది.
వాడు నవ్వాడు, చప్పుడు లేకుండా,
మళ్ళీ టైర్ల దగ్గరికి పోయాడు.

కరెంటొచ్చింది.
నేను కర్రలు పైకెత్తి లెక్క మొదలెట్టబోతే
బయట్నించి
అరచేత్తో టైరు మీద
వాడే కొట్టాడు, నాలుగు.